అమ్మ లేసుకి నీలం అచ్చు

మా అమ్మ అల్లిన లేసుల్లో ఒక్కటే మిగిలింది. పెళ్ళి సారె పళ్ళెం మీద కప్పే గుడ్డ. ఈ వేసవిలో మలికిపురంలో ఉన్న మా చెల్లెలి కూతురికి పెళ్ళి కుదిరింది. గుడ్డ పెళ్ళికూతురితో పాటు అత్తారింటికి వెళ్ళాలి. వెళ్ళనీ, నాకెలాగూ ఆడపిల్లలు లేరు. కానీ లేసు అల్లడం వచ్చినా, ఆ గుడ్డ మీది అల్లిక నాకు రాదు. అది నేర్పేలోపే అమ్మకి చూపు మందగించింది. గుడ్డ గడప దాటితే అల్లికా దానితోనే పోతుంది.

కోడలు ఫోన్లో ఫోటో తీసింది. దాన్ని చూసి అల్లడమంటే చీకట్లో బియ్యం ఏరినట్టే ఉంది. అప్పుడు తనే అంది, "అత్తయ్యగారూ, ఎండలో అచ్చు తీద్దామండి. గుడ్డ ఎంతుందో అంతే పడుతుంది." ఎవరో చేస్తుంటే ఫోన్లో చూసిందట. రెండు మందులు తెప్పించి, నీళ్ళలో కలిపి, గదిలో తలుపులు మూసి కాయితానికి పూసింది. ఆరితే దాని మీద వస్తువు పెట్టి ఎండ చూపించి, నీళ్ళలో కడగాలి. ఎండ తగిలినచోట నీలం, తగలనిచోట తెలుపు.

ముందు ములగరెమ్మ పెట్టి పెరట్లో చూశాం. మా పెరట్లో ఎండ ఎక్కడ నిలుస్తుంది? కొబ్బరాకుల నీడ కాయితం మీద అటూ ఇటూ తిరిగి అంతా మసకేసింది. రెండోసారి మేడ మీద పెట్టాం. బొమ్మ చక్కగా వచ్చింది గానీ, కడిగాక అంచున పసుపు మరక ఉండిపోయింది. మరక కనిపిస్తే నా చెయ్యి ఆగదు. చిటికెడు చాకలి సోడా వేశాను. చూస్తుండగానే నీలం వెలిసిపోయింది.

"సోడా వేసేరాండీ?"

"మరక పోవాలని వేశానమ్మా."

"ఆయ్, పోయిందండి. బొమ్మ కూడా పోయింది" అని కోడలు పడిపడి నవ్వింది. మందు ఇంకొక్క పెద్ద కాయితానికే మిగిలింది.

మర్నాడు గుడ్డ పట్టుకెళ్ళడానికి చెల్లెలు రానే వచ్చింది. మేము ఎండకి తలగుడ్డలు చుట్టుకుని మేడ మీద సామాను సర్దుతున్నాం.

"ఏంటక్కా ఇది! ఆ మందు అంటుకుంటే సారె మీద ఏం కప్పను, నీ తలగుడ్డా?"

దాని భయం నిజమే. కాయితం ఏ కాస్త చెమ్మగా ఉన్నా లేసుకి నీలం పట్టేస్తుంది. మా వైపు గాలికి ఏదీ ఓ పట్టాన ఆరదు. రాత్రి మందు పూసి గదిలో ఆరబెట్టిన కాయితం చివర, అప్పడం ఎండిందో లేదో చూసినట్టు వేలితో మీటాను. గలగలమంది. లేసు పరిచి, పైన పటం అద్దం పెట్టాను. చెల్లెలు గొడుగు వేసుకుని కాపలా కూర్చుంది.

కాయితం బూడిదరంగుకి తిరిగాక అద్దం తీశాం. చెల్లెలు ముందు గుడ్డ లాక్కుని రెండు వైపులా తిప్పి చూసింది. మల్లెపువ్వులా ఉంది. ఈసారి నేను బకెట్టుకి దూరంగా నిలబడ్డాను. కోడలే నీళ్ళలో నాలుగు నిమ్మచుక్కలు పిండి కడిగింది. నీలం మీద తెల్లటి దారాలు ఒక్కొక్కటే తేలాయి. అల్లికలో ప్రతి కన్నూ లెక్కపెట్టుకోవచ్చు.

చెల్లెలే ముందు చూసింది. "అక్కా, ఈ మూల పువ్వుకి అయిదే రేకులున్నాయేంటి?"

మిగతా అన్నిటికీ ఆరు. ఇన్నేళ్ళుగా ఆ గుడ్డ ఉతికి మడతపెడుతున్నా ఎవరికీ కనబడలేదు. మేము చిన్నప్పుడు ఒక్క కన్ను తప్పితే వరసంతా ఊడదీయించిన మనిషి అమ్మ!

"మనకి మొట్టికాయలు వేసి తను ఇలా చేసిందా!" అని చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. సాయంత్రం బస్సుకి గుడ్డ పట్టుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు అచ్చు ఒళ్ళో పెట్టుకుని నేను కొత్త గుడ్డ అల్లుతున్నాను. నిన్న ఆ మూలకి వచ్చాను. సూది ఆపి కాసేపు చూశాను. అయిదే వేశాను.