మా చేలో ఈశాన్యం మూల

"లోతుందని ఒక్క మాట చెప్పి ఉంటే ఇటు తిప్పేవాణ్ణి కాదు కదండీ," అన్నాడు సత్తిబాబు, తొడల దాకా బురదలో నిలబడి.

"నా చేను సంగతి నాకు నువ్వు చెప్తావేంటి? నీ బండికి సత్తువ లేక దిగబడింది. ఆ మాట ఒప్పుకో," అన్నాను నేను గట్టు మీద నుంచి.

"పొద్దున్నే మిమ్మల్ని అడిగానండి, అమ్మగారూ. అందరూ విన్నారు."

"అడిగావు. ఏమీ లేదని చెప్పాను. మళ్ళీ అడిగినా అదే చెప్తాను."

ఆ మాటతో తగువు ముగిసింది. గెలిచింది నేనే. ఊరంతా నా వైపే తలూపింది. పదేళ్ళు దాటాయి. ఆ గెలుపు తిరగలి రాయిలా నా గుండె మీదే ఉంది. కాసేపైనా దించుకుందామని రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే మంచిది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, రాత వంకరగా ఉంటే సర్దుకు చదువుకోండి.

అప్పట్లో మా వైపు ఎడ్లు తగ్గిపోయి ట్రాక్టర్లు పెరుగుతున్నాయి. మా తమ్ముడు పాలకొల్లులో ఒక కంపెనీ ట్రాక్టర్లు అమ్మేవాడు. ఇంకో కొట్టు లేదు కాబట్టి అందరూ వాడి దగ్గరే కొనేవారు. అప్పుడు కొత్త కంపెనీ ఒకటి దిగింది. వాళ్ళ బండి చిన్నది, తేలిక, ఆయిలు తక్కువ తాగుతుందన్నారు. దాన్ని ఊరూరా తిప్పి డెమో ఇచ్చే మనిషే ఈ సత్తిబాబు. నెమ్మదస్తుడు. గొప్పలు చెప్పేవాడు కాదు, తోలి చూపిస్తాను చూడండి అనేవాడు. అలా చూపించే పక్క ఊళ్ళు సగం తన వైపు తిప్పేసుకున్నాడు.

ఈ సార్వా పంటకి మీ ఊళ్ళు కూడా చెయ్యిజారితే కొట్టు ఇంకొకరికి ఇచ్చేస్తామని పై కంపెనీవాళ్ళు మా తమ్ముడికి చెప్పారట. వాడు మా ఇంటికొచ్చి ఆ ముక్క చెప్పి తల వంచుకు కూర్చున్నాడు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేను. వాడు ఏమీ అడగలేదు. అడిగి ఉంటే తిట్టి పంపేదాన్నేమో.

చివరికి ఊరి పెద్దలు ఒక మాట అనుకున్నారు. రెండు బండ్లూ ఒకే రోజు ఒకే చేలో దమ్ము చెయ్యాలి. నాట్లకి ముందు నీళ్ళు పెట్టి మట్టిని బురద చేసే ఆ పనిలో ఏది నెగ్గితే దాన్నే కొందామన్నారు. నా చేను అడిగారు. రోడ్డు పక్కది, అందరికీ కనిపిస్తుంది. పైగా నేను ఎవర్నీ ఊరికే మెచ్చుకోనని, నా మాట నిక్కచ్చిగా ఉంటుందని పేరు. వెంటనే ఒప్పుకున్నాను. పైసా ఖర్చు లేకుండా రెండెకరాలూ దమ్మయిపోతాయి కదా అనుకున్నాను. అది నా బుద్ధి, దానికి సిగ్గుపడను. సిగ్గుపడవలసింది వేరే ఉంది.

ఆ చేలో ఈశాన్యం మూల పూర్వం మడుగు ఉండేది. మా ఆయన ఉన్నప్పుడు మట్టి తోలించి పూడ్పించారు. పైకి సమంగానే కనిపిస్తుంది. నీళ్ళు పెడితే మాత్రం మింగేస్తుంది. మా పాలేరు ఎప్పుడూ ఎడ్లని దాని చుట్టూ తిప్పుకెళ్ళేవాడు. అతను పోయాక ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

మా వైపు ఒక పద్ధతి ఉంది. కొత్తవాళ్ళ అరక చేలో దిగితే, చేను గలవాళ్ళు ముందు నడిచి ఎక్కడ గట్టి, ఎక్కడ మెత్తన అని చూపించాలి. మాటల్లేని దాయాది అరకైనా సరే, చూపించాలి. సత్తిబాబు ఆ పద్ధతి ప్రకారమే చేతులు కట్టుకుని అడిగాడు. ఎక్కడైనా లోతుందా అండీ అని. ఏమీ లేదు, తోలుకో అన్నాను. అంతకు ముందే పడమర సగం మా తమ్ముడి బండికి, తూర్పు సగం అతనికి పంచి పెట్టింది కూడా నేనే.

మూడు చుట్లు అతని బండి ఎంత బాగా నడిచిందో చెప్తే నమ్మరు. నీళ్ళ మీద బాతులా పోయింది. పక్కన మా తమ్ముడి బండి రొప్పుతోంది. గట్టు మీద జనం గుసగుసలు మొదలెట్టారు. అప్పుడైనా చెయ్యెత్తి ఆపవచ్చు. గొంతు లేదా నాకు? నడిమి నుంచి వెడల్పవుతూ వచ్చిన నాలుగో చుట్టులో ముందు చక్రాలు ఆ మూలలో దిగాయి. ఇరుసు దాకా పోయింది.

తమ్ముడి కోసమే చేశానా? ఇన్నేళ్ళూ అలాగే చెప్పుకున్నాను. మరి ఆ బండి దిగబడుతుంటే నా కడుపులో కదిలిన సంతోషం ఎవరిది? వాడిది కాదు, వాడికి ఈనాటికీ ఆ మడుగు సంగతి తెలియదు, తన బండే గెలిచిందని నమ్ముతున్నాడు. నేను ఏది బాగుందంటే ఊరికి అదే బాగుండాలి, ఏది బాగులేదంటే అది వెళ్ళిపోవాలి, ఆ పెత్తనం రుచి నాకు తెలుసు, ఆ రోజు కడుపునిండా తిన్నాను. అదీ నిజం.

ఆ ఏడు మా ఊరు మొత్తం మా తమ్ముడి దగ్గరే కొంది. బరువు బండ్లు. ఏటేటా తొక్కి తొక్కి చేల అడుగు చెడిపోయింది. ఇప్పుడు దమ్ములోకి మనిషి దిగినా బురద మోకాలి పైకి వస్తోంది. కొత్త కంపెనీ మా వైపు మళ్ళీ రాలేదు. సత్తిబాబు ఉద్యోగం పోయింది. భీమవరం అవతల రొయ్యల చెరువుల మీద మేత బస్తాలు మోస్తున్నాడని విన్నాను. రెండుసార్లు బయల్దేరి బస్టాండు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. టికెట్టు డబ్బులకి వెనకాడి కాదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించవలసిన మనిషి మీరు కాదు. అబద్ధమాడానని నా చేత్తో నేను రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అది చాలు. అయితే ఇంకొక్కటి మిగిలింది, అదీ చెప్పేస్తాను.

మర్నాడు పొద్దున మిగిలిన చేను పూర్తి చెయ్యడానికి మా తమ్ముడి ట్రాక్టరు వచ్చింది. రోడ్డు మీద సత్తిబాబు, రాత్రి బురదలోంచి లాగించిన తన బండిని లారీకి ఎక్కించుకుంటున్నాడు. నేను కుచ్చెళ్ళు ఎగదోపుకుని చేలో దిగి డ్రైవరుకి ముందు నడిచాను. ఆ మూల దగ్గర పడగానే చెయ్యెత్తి ఆపాను.

"ఇటు వద్దు. లోతు. చుట్టూ తిప్పుకెళ్ళు," అన్నాను.

తల తిప్పితే సత్తిబాబు చూస్తున్నాడు. విన్నాడు కూడా. తాళ్ళు బిగించి లారీ ఎక్కి కూర్చున్నాడు. లారీ పాలకొల్లు వైపు వెళ్ళిపోయింది. పదింటికల్లా మా దమ్ము పూర్తయింది.