మొదటి ఆదివారం కొవ్వొత్తి

పోయినేడు జులైలో ఒక ఉదయం నా చెప్పులు నాకే పట్టలేదు. కొని వారం కూడా కాలేదు. చిన్న సైజు అంటగట్టాడని ఆ షాపుకు వెళ్లి అరిచి, పెద్దవి మార్చుకొచ్చాను. గెలిచాననుకున్నాను. నాలుగు రోజులకు అవీ బిగిశాయి. అప్పుడు మా ఆయన నా పాదం మీద వేలితో నొక్కి చూశాడు. గుంట పడింది. ఎంతసేపటికీ పూడలేదు.

మాకు ముత్తుకూరులో స్టీలు సామాన్ల షాపు. నా పుట్టిల్లు కావలిలో బట్టల కొట్టు. కరివేపాకు కూడా బేరమాడకుండా తీసుకోని వంశం మాది. మోకాళ్ల నొప్పులకు డాక్టరు దగ్గరికి పోతే షాపు మూయాలని, రెండేళ్లుగా మందుల షాపులో నొప్పి మాత్రలు అడిగి తెచ్చుకుని మింగుతూ వచ్చాను.

నెల్లూరులో టెస్టులు చేశారు. ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ తొమ్మిది ఉంది. నమ్మక ఇంకో ల్యాబులో చేయించాను. తొమ్మిదిన్నర వచ్చింది. రెండో కొట్టుకు వెళ్తే లెక్క పెరగడం నా జీవితంలో అదే మొదటిసారి.

"ఆ నొప్పి మాత్రలకు రెండు కిడ్నీలూ పాడైపోయాయమ్మా. వారానికి మూడు డయాలసిస్‌లు, ఒక్కోటీ నాలుగు గంటలు," అన్నారు డాక్టరమ్మ.

"రెండు చేయించుకుంటా మేడమ్."

"ఇది బేరం కాదమ్మా."

మొదట మెడలో క్యాథెటర్ గొట్టం పెట్టారు, తర్వాత సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేశారు. మా ఆయనకు షుగరు, కిడ్నీ ఇవ్వడానికి పనికిరాడన్నారు. ట్రాన్స్‌ప్లాంట్ జాబితాలో పేరు రాయించి ఎదురుచూడమన్నారు. రోజంతటికీ మూడు గ్లాసుల నీళ్లు. పొటాషియం పెరుగుతుందని అరటిపండూ కొబ్బరినీళ్లూ బంద్. మంగళ, గురు, శనివారాలు మెషిన్ మీదే పోయేవి. మిగతా రోజులు కాళ్లు పట్టేసి, వాంతులతో మంచం మీద పోయేవి.

ఇంతలో ఆగమనకాలం వచ్చింది. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలూ మా ఇంట్లో పళ్లెంలో సరుగుడు కొమ్మలు పరిచి నాలుగు కొవ్వొత్తులు నిలబెడతాం. మొదటి ఆదివారం ఒకటి, రెండో ఆదివారం దానితోపాటు ఇంకొకటి, అలా వెలిగిస్తాం. పండగనాటికి మొదటిది పొట్టిగా మిగులుతుంది, నాలుగోది కొత్తదానిలా ఉంటుంది. ఆ తేడా నాకు కంటగింపు. అందుకని వాటి వరసలు మార్చి, నాలుగూ సమానంగా కరిగేలా చూసేదాన్ని.

"మొదటిది ఎక్కువ వెలగాల. అదే దాని పని," అని మా ఆయన గొణిగేవాడు.

ఆ తెలివే డయాలసిస్ మీదా చూపించాను. డిసెంబరులో మా షాపులో క్రిస్మస్ స్టార్లు కూడా అమ్ముతాం, శనివారం నిలబడడానికి చోటుండదు. అందుకని శనివారం మానేసి, పండగయ్యాక వారానికి నాలుగు చేయించుకుంటే సరిపోతుందని నాకు నేనే తేల్చుకున్నాను. డాక్టరమ్మే తగ్గించారని మా ఆయనతో అబద్ధం చెప్పాను.

రెండో ఆదివారం చర్చిలో మోకరించి లేవలేకపోయాను. గాలి పీలిస్తే నీళ్లలో మునిగినట్టుంది. ఐసీయూలో ఆక్సిజన్ పెట్టారు. శనివారాలు ఎందుకు మానానో డాక్టరమ్మ అడిగితే దాచలేకపోయాను.

"ఊపిరితిత్తుల్లోకి నీళ్లొచ్చాయి. ఒంట్లో నీళ్లు పండగయ్యేదాకా ఆగవమ్మా," అన్నారు డాక్టరమ్మ.

మా ఆయన ఆ మాట విని నా వైపు తిరిగాడు. "డాక్టరమ్మే తగ్గించిందన్నావు గదా," అన్నాడు. తిట్టినా బాగుండేది.

వార్డుకు మార్చాక నాకు బతకాలని లేదు. ప్రార్థన కూడా రాలేదు. దేవునికి ఇస్తాననడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు మరి. క్రిస్మస్ చూసి డయాలసిస్ ఆపేస్తానని పక్క మెషిన్ మీదున్న మస్తాన్‌బీ అక్కతో చెప్పాను. గూడూరులో నిమ్మకాయల వ్యాపారం ఆమెది. ఆరేళ్లుగా డయాలసిస్‌లో ఉంది.

"ఆపేస్తావా? ఆపు," అంది తేలిగ్గా. "ఈ పొద్దు మాత్రం సూదులు గుచ్చేసినారు గదమ్మే, ఇది కానీ. ఎల్లుండి వచ్చి ఆపు."

"ఎల్లుండి కూడా ఇదే మాటంటావు అక్కా."

"అంటా. నాకు నేను ఆరేళ్లుగా అదే చెప్పుకుంటా ఉండా."

నన్ను బేరంలో ఓడించిన మనిషి ఆమె ఒక్కతే. గురువారం వెళ్లాను. శనివారమూ వెళ్లాను.

నాలుగో ఆదివారానికి ఇంట్లో ఉన్నాను. నేను ఆసుపత్రిలో ఉన్న మూడో ఆదివారం కూడా మా ఆయన ఒక్కడే కొవ్వొత్తులు వెలిగించాడట. మొదటిది వేలి కణుపంత మిగిలింది.

"వరస మారుస్తావా?" అన్నాడు.

"ఉండనీ," అన్నాను.

ఇది జబ్బు తర్వాత నాకు రెండో ఆగమనకాలం. ట్రాన్స్‌ప్లాంట్ జాబితాలోంచి నా పేరు ఇంకా పిలవలేదు. పిలుస్తారని రోజూ నమ్మకం ఉంటుందని చెప్పలేను. చాలా ఉదయాలు ఉండదు. నమ్మకం లేని రోజున కూడా బస్సెక్కుతున్నాను. శనివారం షాపు మూసేస్తున్నాం.

ఇది చదివే డయాలసిస్ వాళ్లకు ఒక్క మాట: ఒక్క సిట్టింగూ, అరగంటైనా సరే, మీ అంతట మీరు తగ్గించుకోవద్దు. మానేయాలనిపించిన రోజు ఆ సంగతి డాక్టరుకూ ఇంట్లోవాళ్లకూ చెప్పండి.

నిన్న మూడో ఆదివారం. మొదటి కొవ్వొత్తి బాగా పొట్టిదైపోయింది, అయినా మిగతా రెండింటితో పాటే వెలిగింది. రేపు మంగళవారం. ఆరు గంటల బస్సుకు వెళ్లాలి.