వినపడకుండా ఆయ్ అనకండి

అమలాపురంలో మా టీచరమ్మగారు పోయారు. ఈ మాట చెప్పిస్తున్న నా పేరు మంగాయమ్మ. వయసు డెబ్బై దగ్గర పడింది. పి.గన్నవరంలో కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటున్నాను. నాకు అక్షరం ముక్క రాదు, మనవరాలు రాస్తోంది. మొన్న ఆదివారం కూటం కోసమే వెళ్ళి, ఆవిడ వాకిట్లో అన్ని చెప్పులు చూసి నిలబడిపోయాను.

ఆ కూటమేమిటో చెప్పాలి. మేమంతా చెవి నరం మీద గడ్డ లేచినవాళ్ళం. డాక్టర్లు అకౌస్టిక్ న్యూరోమా అంటారు. ఒక చెవి పోతుంది, నడిస్తే పక్కకి తూలిపోతాం. మద్రాసులో ఆపరేషనయ్యాక నా మూతి వంకరపోయింది, కుడి కన్ను మూతపడలేదు. మా వీధివాళ్ళు గాలి సోకిందన్నారు. కొంగు కప్పుకుని మూల కూర్చున్నాను. అదే గడ్డ తీయించుకున్న టీచరమ్మగారు ఎవరో చెప్పగా విని, నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆవిడ మూతీ వంకరే. చర్చిలో అందరి ముందూ పాట ఎత్తుకునే మూతి అది.

"ఏ చెవండీ పోయింది?" అన్నారు రాగానే.

"కుడిదండీ."

లేచి నా ఎడమ పక్కకి వచ్చి కూర్చున్నారు. అంతవరకూ ఎవరికీ ఆ ఆలోచన రాలేదు.

తరవాత నెలకో ఆదివారం ఆవిడ అరుగు మీద కూడేవాళ్ళం. రాజోలు నుంచీ, జొన్నాడ నుంచీ కూడా వచ్చేవారు. ఎవరి మంచి చెవి ఎటో చూసి ఆవిడే కూర్చోబెట్టేవారు. మూతపడని కన్ను ఎండిపోకుండా గుడ్డ ఎలా కట్టుకోవాలో చూపించేవారు. ఆవిడకి పడనిది ఒక్కటే. మా సీమలో ఎవరేమన్నా సరేనన్నట్టు ఆయ్ అనడం మర్యాద. చెవి పోయినవాళ్ళం వినపడకపోయినా అనేస్తాం.

ఒకసారి నా కుడి పక్కకి చేరి ఏదో అన్నారు. ఆయ్ అన్నాను. వంకర మూతులన్నీ ఒక్కసారిగా నవ్వాయి.

"మీ గేదెని మా మేనల్లుడికిచ్చి చేస్తారా అని అడిగేనండీ. ఒప్పేసుకున్నారు!"

"మీవాడికి పాలు పిండడం వచ్చాండీ?" అన్నాను.

నవ్వు ఆగాక అన్నారు: "వినపడకుండా ఆయ్ అనకండమ్మా. మళ్ళీ చెప్పమంటే పరువేం పోదు."

ఈ వర్షాల్లో ఆవిడకి గడ్డ మళ్ళీ పెరిగింది. రెండో చెవీ వయసుకి మందగించింది. ఇంక కోత వద్దన్నారు డాక్టర్లు. చివరిసారి చూడబోయినప్పుడు మంచం పక్కన కూర్చుని, "మీ తరవాత కూటం నేను నడుపుతానండీ," అన్నాను.

"ఆయ్," అన్నారు, కళ్ళు మూసుకునే.

విన్నారా అని అడగలేదు. గన్నవరం బస్సుకి వేళైందని లేచి వచ్చేశాను.

మట్టిచేసిన రోజున ఆ మేనల్లుడు, "అత్తతోనే అయిపోయిందండీ కూటం. అరుగు అద్దెకిచ్చేస్తున్నాం," అన్నాడు.

"ఆవిడ నాతో ఆయ్ అన్నారు బాబూ."

"చివర్లో ఆవిడికేమీ వినపళ్ళేదండీ."

మళ్ళీ అడగడం నేర్పిన మనిషిని మళ్ళీ అడగకుండా వచ్చేశానే అని రోజూ కుములుతున్నాను. కానీ మేనల్లుడుగారూ, ఆవిడ విన్నారో లేదో గానీ, నా మాట నాకు వినపడింది. వచ్చే ఆదివారం నుంచి కూటం మా గన్నవరం అరుగు మీద. చెవి పోయినవాళ్ళు రండి, ఎటు కూర్చోవాలో నేను చూస్తాను.

అరుగు మీద నా ఎడమ పక్కన పీట వేయించాను. పొద్దుటినుంచీ అటు తిరిగే కూర్చున్నాను.

మంగాయమ్మ వేలిముద్ర
చూసినవారు: జొన్నాడ సుందరమ్మ, రాజోలు ఏసుదాసు