తెర వెనుక నేర్చిన దెబ్బ

నా ముందుపళ్ళు రెండు ఒక ఇంగ్లీషు హాస్యనటుడి పుణ్యాన ఊడిపోయాయి. ఆయన్ని నేనెప్పుడూ కలవలేదు. పేరు అప్పట్లో పలకడం వచ్చేది కాదు, పళ్ళు పోయాక ఎలాగూ రాలేదు. మాకు ఆయన ఉత్త దొర.

మాది సముద్రం అవతలి దీవుల్లోని వండూరు. మా అయ్య విశాఖ అవతలి రేవుల నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ వల వేశాడు. అప్పుడప్పుడూ ప్రచార శాఖ జీపు వచ్చి, రెండు వెదుళ్ళ మధ్య తెల్లగుడ్డ కట్టి, దొర బొమ్మ ఆడించేది. ముందు వైపు ఆఫీసువాళ్ళ కుటుంబాలు కూర్చునేవి. మేం వల లాగి, చేపల వాసనతో వచ్చేసరికి అక్కడ చోటుండేది కాదు. ఉన్నా మాకు మర్యాద ఉండేది కాదు. అందుకని గుడ్డకి అవతల ఇసుకలో కూలబడేవాళ్ళం. పల్చటి గుడ్డ, బొమ్మ ఇటూ కనిపించేది. అక్షరాలు తిరగబడి కనిపించేవట. ఇంగ్లీషు రానివాడికి ఎటు నుంచైనా ఒకటే.

ఆ బొమ్మలో ఒక వడ్రంగి కోపంతో పొడవాటి చెక్క తిప్పి తిప్పి కొడతాడు. దొర జేబుల్లో చేతులు పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు పక్కకి వాలతాడు. చెక్క గాలినే కొడుతుంది. రీలు మార్చేటప్పుడు ఆపరేటర్ భయ్యా కథలు చెప్పేవాడు: దొర చిన్నప్పుడు వాళ్ళ ఊరి నాటకశాలల్లో తన్నులు తినే వేషంతో మొదలెట్టాడట, అక్కణ్ణుంచి సినిమాకి ఎక్కాడట, మాటల సినిమాలొచ్చాక బేరం తగ్గి, ముసలితనంలో మళ్ళీ స్టేజీకే దిగాడట. ఇన్నేళ్ళలో ఒక్క దెబ్బ కూడా తగల్లేదట. నా నటజీవితం ఆయన దానికంటే పొట్టిది. దెబ్బల్లో మాత్రం నాదే పైచెయ్యి.

మా అక్కని ప్రోతరాపూర్‌లో ఇచ్చాం. బావ సర్కారు లాంచి నడిపేవాడు. ఒకరోజు ఆ లాంచి మా వల మీదుగా పోయి, వలని పీలికలు చేసింది. నేను జెట్టీ మీద తెడ్డు తీసుకుని బావ భుజం మీద బాదాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. బావ రెండో చేత్తో లంగరు గొలుసు విసిరాడు. నా తల పగిలి, ఒక కన్ను రక్తంతో మూసుకుపోయింది. బావ తమ్ముళ్ళు, మావాళ్ళు కలబడ్డారు. మా చిన్నాన్న చెవి సగం జెట్టీ మీదే ఉండిపోయింది. ఆ సాయంత్రమే అక్కని ట్రంకుపెట్టెతో సహా మా గుమ్మంలో దింపిపోయారు.

మాలో ఒక కట్టు ఉంది. రక్తం చిందించుకున్న ఇద్దరూ పండగలో అమ్మవారి ఘటం ఎత్తేదాకా ఎదురుపడకూడదు. ఎత్తాక అందరి ముందూ కలిసి ఒక పని చెయ్యాలి. అది సవ్యంగా జరిగితే తగువు తీరినట్టు, అక్క కాపురానికి పోతుంది. చెడితే ఆ రెండిళ్ళ మధ్య రాకపోకలు ఉండవు. మామూలుగా ఒకే తాడు లాగిస్తారు. మా ఇద్దరికీ దొర పిచ్చి ఉందని తెలిసి, పెద్దలు ఆ చెక్క ఆట ఆడమన్నారు. బావ వడ్రంగి, నేను దొర. ఎదురుపడకూడదు గనక ఎవరి పెరట్లో వాళ్ళం సాధన చేసుకున్నాం. అక్క అరుగు మీద బియ్యం ఏరుతూ నా వంక చూసేది కాదు. పెట్టె మాత్రం సర్దే ఉంచింది.

పండగనాడు ఘటం ఎత్తారు. మేం వేదికగా వేసిన బల్లల మీదికెక్కాం. బావ భుజం అతికినా వంకరగానే ఉంది. ఆయన చెక్క ఎత్తి తిప్పాడు. నేను జేబుల్లో చేతులు పెట్టుకుని, సాధన చేసినట్టే వాలాను. సరిగ్గా చెక్కకి ఎదురెళ్ళాను.

నోట్లో పళ్ళు గులకరాళ్ళలా కదిలాయి. జనం విరగబడి నవ్వారు. కావాలని కొట్టాడనుకుని నేను ఆయన వంకర భుజం మీదే గుద్దాను. బావ అరిచాడు. జనం ఇంకా నవ్వారు. ఆయన చెక్కతో నా పక్కటెముకల మీద పొడిచాడు, నేను ఆయన చెయ్యి కొరికాను, మిగిలిన పళ్ళతోనే. నాటకం రక్తి కట్టింది; రక్తం మాత్రం కట్టలేదు. అది నా చొక్కా దాటి బల్లల మీద కారేసరికి నవ్వులు ఆగాయి. అటు నలుగురు, ఇటు నలుగురు తెడ్లు పట్టుకుని లేచారు.

అప్పుడు అక్క బల్లల మీదికొచ్చింది. చెక్క కొసని రెండు చేతులతో పట్టుకుని ఆపింది.

"బస్. ఇంక సాలు," అంది. "ఒరే తమ్ముడా, దొర ఎటేపు వాలతాడు?"

నేను కుడివైపు చూపించాను.

"మీరు సెప్పండి, ఎటేపు?"

బావ వగరుస్తూ నా ఎడమవైపు చూపించాడు.

"పెళ్ళికి ముందు నేను ఈడితో తెరెనక కూకున్నాను. పెళ్ళయ్యాక మీ పక్కన ముందు కూకున్నాను. బొమ్మ ఒకటే, ఎనక నుంచి సూస్తే కుడి ఎడమౌతాది. కావాలని కొట్టలేదు ఈయన. ఆడూ కావాలని ఎదురెళ్ళలేదు." చెక్క వదిలేసింది. "మళ్ళీ ఆడండి. నేనిక్కడే నిలబడతాను."

పెద్దలు తలూపారు. తెడ్లు పట్టినవాళ్ళు అలాగే నిలబడ్డారు. బావ చెక్క ఎత్తాడు. ఆ చేతుల్లో కోపం ఇంకా పోలేదని నాకు తెలుస్తూనే ఉంది. ఒళ్ళంతా అటు వద్దంటున్నా, జేబుల్లో చేతులు పెట్టుకుని ఎడమకి వాలాను. గాలి నా చెవిని రాసుకుంటూ పోయింది. బావ తన ఊపుకి తనే తిరిగి, బల్లల మీద బోర్లా పడ్డాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను చెయ్యి చాపాను. ఆయన మంచి చేత్తో పట్టుకుని లేచాడు.

అక్క మా ఇద్దరి వంకా చూడకుండానే బల్లలు దిగి, పెట్టె తెచ్చుకోవడానికి ఇంటివైపు నడిచింది.