వీపు తిప్పి విన్న వకీలు

నా చిన్నప్పుడు మా తండాలో ఏ కోడలూ భర్త అన్నగారి ఎదుట నోరు విప్పేది కాదు. ఆయన వాకిట్లో అడుగు పెడితే కొంగు ముఖం మీదికి జారేది, మాట గొంతులో ఆగేది. ఇంట్లో ఉప్పు నిండుకున్నా, గొడ్డు తప్పిపోయినా, ఆయనకు తెలియాల్సిన సంగతిని పక్కనున్న పిల్లవాడికి చెప్పినట్టు చెప్పేవాళ్లు. "ఉప్పు లేదురా" అని మా అమ్మ నాతో అంటే, మా బాపుకు అన్న అయిన పెద్దబాపు విననట్టే విని, సంతకు పోయి తెచ్చేవాడు. పిల్లలు లేని ఇంట్లో గోడకో, కట్టేసిన మేకకో చెప్పేవాళ్లు. నవ్వుకోకండి. మీ ఇళ్లల్లో ఇంకో రకం కట్టుబాట్లు ఉండే ఉంటాయి.

మాది కొత్తగూడ అడవిలోని లంబాడీ తండా. పోడు కొట్టి చేసుకున్న చెలకే, ఆ మెట్టచేనే మాకు తిండి. ఆ ఏడు జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో, అడవి పందులు పడకుండా అమ్మా బాపూ చేనులోనే గుడిసె వేసుకుని కాపలా ఉన్నారు. నన్ను తండాలో పెద్దబాపు ఇంట్లో వదిలారు. ఒక పొద్దున జంగ్లాత్ జవాన్లు, అంటే అడవి శాఖవాళ్లు, వచ్చి బాపును చేనులోంచే పట్టుకుపోయారు. చేను పక్కన టేకుచెట్టు ఒకటి కొత్తగా నరికి ఉంది. ముందటి రోజు బాపు గొడ్డలెత్తి దాన్ని నరుకుతుంటే దూరం నుంచి చూశానని ఒక జవాను చెప్పాడు. ఎవరినో చూసి బాపు అనుకున్నాడో, చేతికి దొరికినవాడి మీద పెట్టాడో, నాకు ఈనాటికీ తెలియదు. బాపును మహబూబాబాద్ జైలులో వేశారు. మా నోట ఆ ఊరు మానుకోట.

పెద్దబాపు మొదట ఆ ఊళ్లోని ఒక వకీలు దగ్గరికి పోయాడు. ఆ వకీలు పెద్దబాపు మాట మొదలుపెట్టీ పెట్టకముందే చెయ్యి అడ్డం పెట్టి, "మీ తండా కేసులన్నీ ఒకటేనయ్యా, నాకు ఎరికే. ఒప్పుకొమ్మను, జల్ది బయటవడ్తడు" అన్నాడట. ఒప్పుకుంటే మనిషి బయటపడతాడు, నిజమే. కానీ దొంగగా ఒప్పుకున్నవాణ్ణి మళ్లీ ఆ చెలకలో అడుగు పెట్టనివ్వరు. చెలక పోతే మేము కూలికి ఏ ఊరు పట్టుకుపోవాలో తెలియదు. పైగా చేయని పనికి దొంగ అన్న పేరు. అమ్మ ఆ మాట విన్న రోజు పొయ్యి వెలిగించలేదు.

నాకు కోపం ఎందుకంటే, ఆ వకీలు చెడ్డవాడు కాడు. చదువుకున్నాడు, నలుగురికీ సాయపడే మనిషి అని పేరుంది. వినడం ఒక్కటే రాదు. ఒక మనిషి చెప్పేదాంట్లో మొదటి రెండు మాటలు విని మిగిలినదంతా తానే అల్లుకునేవాడు వకీలైతేనేమి, వైద్యుడైతేనేమి, ఎదుటివాడి బతుకు అతని చేతిలో పాడవుతుంది. నేను బడి ముఖం చూడనివాణ్ణి, దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. అయినా ఈ మాట గట్టిగానే చెబుతాను.

జనగామ నుంచి రైల్లో వచ్చి మానుకోట కోర్టులో కేసులు చూసే ఇంకో వకీలు ఉన్నాడని ఎవరో చెప్పారు. పెద్దబాపు అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని బయలుదేరాడు. గూడూరు దాకా నడిచి, అక్కడ బస్సెక్కి పోయాం. కోర్టు ఎదుట ఒక మిద్దె మీద చిన్న గది, రోడ్డు వైపు కిటికీ. వకీలు సాబు బక్కపలచని మనిషి, చెవుల మీద తెల్లవెంట్రుకలు. పక్కన గుమాస్తా. పెద్దబాపు బెంచీ మీద కూర్చున్నాడు. అమ్మ కొంగు గడ్డం దాకా లాక్కుని తలుపు పక్కన నేల మీద కూర్చుంది. నేను ఆమెకు ఆనుకుని నిలబడ్డాను.

పెద్దబాపు తనకు తెలిసినంత చెప్పాడు. ఆయన చేనులో లేడు కనుక తెలిసింది తక్కువ, అయినా ఇంటికి పెద్ద కనుక ఆయనే చెప్పాలి. "చేన్ల ఒక్కడే ఉండె సార్, ఎవలూ చూసినోళ్లు లేరు" అన్నాడు. అప్పుడు అమ్మ నా అంగీ పట్టి లాగి, మా భాషలో మెల్లగా, "ఒక్కడే కాదు, నేను లేనా?" అంది. పెద్దవాళ్ల మాటకు అడ్డు పోకూడదని నేను నోరు మూసుకున్నాను. వకీలు సాబు చూశాడు.

"ఏందమ్మా, ఏమన్నవు?" అని అడిగాడు. అమ్మ కొంగు ఇంకా కిందికి లాక్కుని గోడ వైపు తిరిగింది.

"ఆమెకు తెలుగు రాదు సార్" అన్నాడు గుమాస్తా. "అడిగినా దండుగ."

అమ్మకు సంతలో బేరం చేసేంత తెలుగు వచ్చు. వకీలు సాబు గుమాస్తా మాట పట్టించుకోకుండా పెద్దబాపును అడిగాడు. "పెద్దాయనా, మీ ఇండ్లల్ల కోడండ్లు బావల ముందట మాట్లాడరా?"

"మాట్లాడరు సార్. అది మా కట్టుబాటు" అన్నాడు పెద్దబాపు, ఛాతీ కొంచెం ముందుకొచ్చింది.

"మరి మీతోని పనివడితే ఎట్ల?"

"పోరనికి చెప్తది. మేము వింటం."

వకీలు సాబు నవ్వాడు. "గట్లయితే నేను గూడ వింట" అని లేచి, కుర్చీని గర్రున తిప్పి, కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. "మీరు గూడ ఇటు రాన్రి. ఇద్దరం బజారు చూసుకుంట కూసుందాం." పెద్దబాపు ఒక క్షణం తటపటాయించి, బెంచీ జరుపుకుని ఆయన పక్కన చేరాడు. ఇద్దరు పెద్దమనుషుల వీపులు మాకు, ముఖాలు రోడ్డుకు. గుమాస్తా నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"బిడ్డా, ఆనాడు ఏమైందో మీ అమ్మను అడుగు" అన్నాడు వకీలు సాబు కిటికీలోంచే. నేను అడిగాను.

అమ్మ మొదలుపెట్టింది. మా అమ్మ ఏదీ మధ్యలోంచి చెప్పేది కాదు. విత్తనం వేసిన నాటి వాన దగ్గరి నుంచి వచ్చింది. పందులు ఏ మూల నుంచి పడ్డాయో, మేకపిల్ల ఎట్లా చచ్చిందో, కంచెకు తుమ్మకంప ఎక్కడి నుంచి తెచ్చారో అన్నీ చెప్పింది. నాకు విసుగొచ్చింది. ఆమె ఆగగానే నేను తెలుగులో చెప్పేశాను. "ఆ దినం బాపు గుడిసెల పండుకున్నడట. చెట్టు కొట్టలేదట."

"అంతేనా?"

"అంతే."

వకీలు సాబు వీపు కదల్లేదు. "మీ అమ్మ మాట్లాడుతుంటే ఒక ఎడ్లబండి ఆ స్టేషన్ మూల నుంచి ఈ మూల దాక వచ్చింది. నువ్వు చెప్పేటప్పుడు ఆ ఎడ్లు తోక గూడ ఊపలే. మిగిలిన మాటలు ఏడవెట్టినవు?"

గుమాస్తా పకపకా నవ్వాడు. పెద్దబాపు భుజాలు కూడా కదిలాయి. నాకు ముఖం ఎర్రబడింది.

"మళ్ల చెప్పుమను. జర జర ఆపుకుంట, అన్నదన్నట్టు నాకు చెప్పు. అండ్ల ఏది పనికొస్తది, ఏది రాదన్నది నేను చూసుకుంట. అది నీ పని గాదు." కసిరినట్టు అనలేదు. పొలంలో పని చూపించినట్టు చెప్పాడు.

రెండోసారి అమ్మ ఇంకా నెమ్మదిగా చెప్పింది. వాన చెప్పాను. పందులు చెప్పాను. మేకపిల్లను కూడా చెప్పాను. కంచెకు కంప నాటుతుంటే బాపు కుడి అరచేతిలో తుమ్మముల్లు దిగి లోపలే విరిగిందనీ, చీము పట్టి చెయ్యి కందగడ్డలా వాచిందనీ, వేళ్లు ముడుచుకోలేదనీ చెప్పాను. ఆ తర్వాత అమ్మ ఒక మాట అని ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను.

ఆ మాట నేను ఎట్లా చెప్పాలి? బావగారు అంత దగ్గర కూర్చుని ఉండగా మా తండాలో ఏ ఆడమనిషీ బయట పెట్టని మాట అది. "సార్, కోర్టు టైమైతున్నది" అని గుమాస్తా గొణిగాడు. వకీలు సాబు చెయ్యెత్తి అతణ్ణి ఆపాడు. నన్ను తొందర పెట్టలేదు, "ఊఁ చెప్పు" అనలేదు. ఆ రోడ్డు మీద ఇంకా చూడాల్సింది చాలా ఉన్నట్టు అట్లాగే కూర్చున్నాడు.

"అమ్మనే... బాపుకు ముద్దలు తినిపించిందట" అన్నాను చివరికి.

పెద్దబాపు మెడ వంగిపోయింది. వకీలు సాబు మాత్రం కుర్చీలో నిటారుగా అయ్యాడు. "ఎప్పటిదాక తినిపించింది? అడుగు."

అమ్మ చెప్పింది. నేను అన్నదన్నట్టు చెప్పాను. "పట్టుకపోయిన పొద్దు దాకనట. ఆ పొద్దు సగమే తిన్నడట. జవాన్లు వచ్చి లేపిన్రట. ముద్ద అమ్మ చేతిలనే ఉండెనట."

ఆ వయసులో నాకు కేసుల సంగతి ఏం తెలుసు? అయినా తన నోటికి తాను ముద్ద పెట్టుకోలేని మనిషి గొడ్డలి ఎట్లా ఎత్తాడన్నది నాక్కూడా తట్టింది. నేను పనికిరాదని పారేసిన మాట అది. అమ్మ సిగ్గుతో మింగబోయిన మాట. పెద్దబాపు చెవి దాకా ఎన్నడూ పోని మాట. మా బాపు బతుకంతా దాని మీదే నిలబడి ఉంది.

ఆ సాయంత్రమే వకీలు సాబు జైలుకు పోయి బాపును చూశాడు. చేతి సంగతి ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే బాపు, "నన్నెవలు అడిగిన్రు సార్? కొట్టినవా లేదా అన్నరు. లేదన్న. నోరు ముయ్యమన్నరు" అన్నాడట. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చెయ్యి ఎదురుగానే ఉంది. వాచి, కట్టు కట్టి ఉంది. చూసినవాళ్లు ఎంతమందో, ఏమైందని అడిగినవాడు ఒక్కడు లేడు.

కేసు పిలిచిన రోజు బాపు అరచెయ్యి చూపించాడు. మచ్చ ఇంకా పచ్చిగానే ఉంది, వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు. పక్క ఊరి మంగలాయన వచ్చి, పట్టుకుపోవడానికి ముందటి రోజే కత్తితో చీము తీసి కట్టు కట్టానని చెప్పాడు. ఆ తర్వాత అమ్మను పిలిచారు. అక్కడ నాతో చెప్పిస్తే కుదరదు, ఆమే చెప్పాలి. అమ్మ బోనులో నిలబడి కొంగు కప్పుకుని ఉంది, పెదవి కదలడం లేదు. వకీలు సాబు కూడా ఏం చేయాలో తోచక వెనక్కి తిరిగి చూశాడు.

అప్పుడు పెద్దబాపు లేచాడు. ఎవరూ చెప్పలేదు. చెప్పులు వేసుకుని, తలపాగా సర్దుకుని, బయటికి నడిచాడు. వరండా దాటి, మాట వినబడనంత దూరం పోయి, రోడ్డు పక్కన చాయ్ బండి దగ్గర నిలబడ్డాడు. ఇంటిపెద్దగా తాను ముందుండి మాట్లాడాల్సిన చోటును ఆయన వదిలి పోవడం నేను చూడడం అదే మొదటిసారి. అమ్మ కొంగు కొద్దిగా పైకి జరుపుకుంది. వచ్చీరాని తెలుగులో, వాన దగ్గరి నుంచి మొదలుపెట్టింది. కోర్టులో ఎవరో నవ్వారు. వకీలు సాబు నవ్వలేదు, జడ్జి గారూ ఆపలేదు. ముద్ద సంగతి ఆమే చెప్పింది, తల వంచకుండా చెప్పింది.

బాపును వదిలేశారు. చెలక నిలిచింది. ఆ ఏడు జొన్నలు పందులు తినగా మిగిలినవే మాకు దక్కాయి, కానీ మేము ఊరు విడవలేదు.

ఇంటికి వచ్చాక పెద్దబాపులో ఒక మార్పు చూశాను. చెలకలో ఏం వేయాలి, ఎద్దును అమ్మాలా వద్దా అన్న మాటలు వచ్చినప్పుడు, ఆయన అరుగు మీద అటు తిరిగి కూర్చుని, "అరే, మీ అమ్మను అడుగు, ఏమంటదో" అనేవాడు. అమ్మ నాకు చెప్పేది. నేను మొత్తం చెప్పేవాణ్ణి. కట్టుబాటు పోలేదు. అందులో అమ్మకు చోటు దొరికింది.

నేను పెద్దవాణ్ణయ్యాక మా తండాల వాళ్లు కోర్టుకో కచేరీకో పోవాల్సి వస్తే నన్ను వెంట తీసుకుపోయేవాళ్లు. అది నాకు ఎవరూ ఇచ్చిన ఉద్యోగం కాదు. అటువాళ్ల మాట ఇటు, ఇటువాళ్ల మాట అటు చేర్చడం, అంతే. జనగామ నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి చెప్పిన పని కాబట్టి దాంట్లో నా తెలివి కలపలేదు, ఎవరి మాటనూ కత్తిరించలేదు. ఎంతమంది వకీళ్లను చూశానో చెప్పలేను. చట్టం తెలిసినవాళ్లు కావలసినంత మంది. కుర్చీ తిప్పుకోగలిగినవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఘనపూర్‌లో మా బిడ్డ దగ్గర ఉంటున్నాను. మొన్న పక్కింటి ఆడమనిషి తన భూమి తగాదాకు తోడు రమ్మంటే భూపాలపల్లి పోయాను. కుర్రవకీలు, తెలివైనవాడే. ఫోను మీద వేలు ఆడిస్తూ సగం విని, "సరేనమ్మా, అర్థమైంది, మీరు పోన్రి" అన్నాడు. ఆమె లేవబోయింది. నేను లేవలేదు.

"ఆమె మాట ఇంకా అయిపోలేదు సార్" అన్నాను.

అతను చిరాకుగా చూశాడు. చూడనీ. నా వయసు చూసి ఏమీ అనలేక ఫోను బోర్లించి పెట్టాడు. ఆమె మళ్లీ కూర్చుని, తన పెళ్లినాటి సంగతి దగ్గరి నుంచి మొదలుపెట్టింది.