ఎండు బోల్టు

సానత్తకు కోపం వస్తే ముందు వస్తువులను తిట్టేది, ఆ తర్వాతే మనుషుల జోలికి వచ్చేది. ఆ శనివారం మాత్రం ఉదయం తొమ్మిదింటికే మనుషుల దాకా వచ్చేసింది.

"ఏ దరిద్రుడు బిగించాడు దీన్ని? వాడి చేతులు పడిపోను!"

కారు ముందు కుడి చక్రం ఊడదీసి గోడకు ఆనించి ఉంది. ఆవిడ మొగుడి పాత ప్యాంటు తొడుక్కుని, గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని, చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప ఆర్మ్ బోల్టుతో కుస్తీ పడుతోంది. తుప్పు కళ్ళలో రాలుతోంది. గడప మీద పేపరు పట్టుకుని ఆవిడ భర్త, మావయ్య, కూర్చున్నాడు. పై వాటాలో అద్దెకుండే నేను ఆవిడ అడిగిన స్పానరల్లా అందిస్తున్నాను.

ముప్పై ఏళ్ళు వర్క్‌షాపులో లేత్ మిషను మీద పనిచేసిన మనిషి ఆవిడ. రిటైరయ్యాక సానరాయి, మోటారు కారు డిక్కీలో పెట్టుకుని, టైలరు షాపుల వెంట తిరిగి కత్తెరలకు పదును పెట్టడం మొదలుపెట్టింది. సానత్త అన్న పేరు అలా వచ్చిందే. కొడుక్కి అది నచ్చలేదు. పోయిన వారం వచ్చి తేల్చి చెప్పేశాడు: "అరవై మూడేళ్ళకు ఈ తిరుగుడేంటమ్మా? బండి కుడిపక్కన కటకటమని చప్పుడు కూడా వస్తోంది. కాగితాలు నా పేరు మీదే ఉన్నాయి. శనివారం నాలుగింటికి పాత ఇనుము వాళ్ళని రమ్మన్నాను."

"నాలుగు లోపల ఈ బండి సందు చివరిదాకా వెళ్ళి తిరిగొస్తే?"

"వాళ్ళని నేనే పంపించేస్తాను."

అదీ పందెం. బండి పోతే ఆవిడ ఇంట్లో కూర్చోవాల్సిందే.

స్పానరుకు పొడుగాటి గొట్టం తొడిగి ఇద్దరం లాగితే, పదకొండింటికి నట్టు కీచుమని ఊడింది. ఇక బోల్టు. తిప్పితే కొద్దిగా తిరిగేది.

"వస్తోంది, వస్తోంది" అంటూ ఆవిడ అరగంట తిప్పింది.

"అరగంటనుంచీ వస్తూనే ఉంది. ఏ ఊళ్ళో ఉందో కనుక్కో" అన్నాడు మావయ్య.

"మీరు నోరు మూసుకుని పేపరు చదువుకోండి!"

నాకు ఒకటే అనుమానం. "అత్తయ్యా, వదిలెయ్యగానే వెనక్కి ఎందుకు తిరుగుతోంది?"

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ ఒకసారి తిప్పి వదిలి చూసింది. "ఛీ. బోల్టు కాదు, దాని చుట్టూ ఆర్మ్‌లో ఉన్న రబ్బరు మెలితిరుగుతోంది. రబ్బరు లోపలి ఇనుప గొట్టం, బోల్టు తుప్పుపట్టి ఒకటైపోయాయి. ఇన్నాళ్ళూ బోడి బోల్టుకి ఒక్క చుక్క గ్రీజు రాయలేదు వెధవ. ఎవడో చూస్తా ఉండు."

బయటికొచ్చి, ఊడిన నట్టును తీగ బ్రష్షుతో రుద్దింది. మట్టి రాలిపోయాక ఒక పక్కన ఎర్రటి మచ్చ కనిపించింది. గోళ్ళ రంగు.

వాళ్ళ వర్క్‌షాపులో ఎవరు బిగించిన బోల్టుకు వాళ్ళ రంగు చుక్క పెట్టాలని రూలు. ఈవిడది గోళ్ళ రంగు. ఆరేళ్ళ కింద ఈ ఆర్మ్ మార్చింది ఆవిడే. నూనె తగిలిన నట్టు మాటిచ్చి జారుకునే చుట్టం లాంటిదని, ఎండుగానే బిగించాలని ముప్పై ఏళ్ళు అందరికీ పాఠం చెప్పింది. నీడపట్టున ఉండే మిషన్లకు ఆ పాఠం సరిపోయింది. వానలో బురదలో తిరిగే బండికి సరిపోలేదు.

ఆవిడ ఆ నట్టును మావయ్య ముందుకు చాపింది.

"అనండి" అంది మావయ్యతో.

"ఏమనాలి?"

"ఆ రోజు గ్రీజు రాయవే అన్నారుగా. అదే అనండి."

"అన్నానా? గుర్తులేదే."

"బాగా గుర్తుంది మీకు. గుర్తులేనట్టు నటిస్తే నాకు ఇంకా మండుతుంది!"

నట్టును విసిరికొట్టి మళ్ళీ కిందికి దూరింది. రబ్బరుకూ బ్రాకెట్టుకూ మధ్య సన్నటి సందులోకి రంపం బ్లేడు దూర్చి, చివర గుడ్డ చుట్టి పట్టుకుని బోల్టును కోయడం మొదలుపెట్టింది. అటొక కోత, ఇటొక కోత. నాలుగు బ్లేడ్లు విరిగాయి. తిట్లన్నీ ఇప్పుడు తన మీదే: "తెలివి! మహా తెలివి! అందరికీ చెప్పేదానివిగా!"

మూడున్నరకు పాత ఆర్మ్ దభీమని కింద పడింది. కొడుకు అప్పుడే లోపలికొచ్చాడు. ఆవిడ వాడివైపు చూడలేదు. కొత్త ఆర్మ్ ఎక్కించి, కొత్త బోల్టు ఒళ్ళంతా గ్రీజు పూసి దూర్చింది. నట్టు వేళ్ళతో తిప్పి వదిలేసింది. గేటు దగ్గర పాత ఇనుము వాళ్ళ బండి హారన్ కొట్టింది.

"ఇంకా పది నిమిషాలుంది. బిగించి చక్రం పెట్టెయ్ మరి" అన్నాడు కొడుకు. వాడి గొంతులోనూ తొందర వినిపించింది.

"గాల్లో వేలాడుతుంటే బిగిస్తే రబ్బరు మెలిపడి నెలకే చస్తుంది. బరువు నేల మీద పడ్డాకే బిగించాలి."

"అమ్మా, టైము!"

"ఒకసారి చేసిన వెధవపని చాలు."

చక్రం పెట్టి, చెక్కదిమ్మల మీదికి దించి, మళ్ళీ పడుకుని, గట్టిగా బిగించింది. లేచి చేతులు తుడుచుకునేసరికి నాలుగూ పదిహేను. గేటు దగ్గర మనిషి వాచీ చూసుకుంటున్నాడు.

"నాలుగు దాటింది" అన్నాడు కొడుకు మెల్లగా.

"దాటింది. ఓడిపోయాను. అయినా ఇవ్వను." ప్యాంటు జేబు తట్టింది. "కాగితాలు నీ దగ్గర, తాళంచెవి నా దగ్గర. ఏం చేసుకుంటావో చేసుకో."

ఆవిడ కారెక్కింది. ఇంజను మోగింది. గేటుకు అడ్డంగా ఉన్న ఇనుము బండి జరిగేదాకా హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. కొడుకు ఒక్క క్షణం నిలబడి, తనే వెళ్ళి ఆ డ్రైవరుకు ఏదో చెప్పాడు. ఇనుము బండి వెనక్కి జరిగింది. కారు సందు చివర మలుపు తిరిగింది. కటకట వినపడలేదు.

"తిరిగి రావాలిగా, నాన్నా?" అన్నాడు కొడుకు.

"వస్తుంది. కోపం తగ్గాక" అన్నాడు మావయ్య పేపరు తిప్పుతూ. "రాత్రి భోజనాలకి మాత్రం ఎదురుచూడకు."