బాబాయి కూర్చోని కుర్చీ లేదు

మా బాబాయికి ఒకటే పిచ్చి. కుర్చీ కనిపిస్తే కూర్చుని చూడాలి. అలసిపోయి కాదు, ఎక్కడైనా వదులుందేమోనని. ఒకసారి చుట్టాన్ని చూడడానికి ఆసుపత్రికి వెళ్తే, వరండాలోని ఇరవై ఆరు కుర్చీలూ ముగించి మంచం దగ్గరికి చేరేసరికి చూసే వేళ కాస్తా దాటిపోయింది. పిన్ని సిగ్గుతో చచ్చిపోయింది.

ఆయన పెట్టిన ఫ్యాక్టరీ కూడా కుర్చీలదే కావడం మా ఖర్మ. మొదట్లో రేకుల షెడ్డులో ఆయనా, ఒక మేస్త్రీ కలిసి రోజుకు ఆరు చేసేవారు. ఆరింటి మీదా కూర్చోవడం న్యాయమే. ఇంటిల్లిపాదీ అందులోకి దిగి, షెడ్డు మూడంతస్తులై, రోజుకు నాలుగు వందలు తయారవుతున్నా ఆయన మానలేదు. లారీ ఎక్కబోయే ప్రతి కుర్చీలోనూ కూర్చుని, పైకప్పు కేసి చూస్తూ, అడుగున చెయ్యి పెట్టి ఏదో తడిమి లేచేవాడు. కొనడానికొచ్చినవాళ్ళు బిత్తరపోయి నా మొహం చూసేవారు.

పరువు దక్కించుకుందామని నేనో మిషను కొన్నాను. అది కుర్చీని నొక్కి చూసి, వదులైతే పక్కకు తోసేస్తుంది. బిగించినవాడి నంబరు కుర్చీ అడుగున సుద్దతో రాసే ఉంటుంది. ఎవరివెన్ని తప్పాయో గోడకు అంటిస్తామనీ, వారంలో అందరికన్నా ఎక్కువ తప్పినవాణ్ణి మానిపిస్తామనీ చాటించాను.

మొదటిరోజే పందొమ్మిది తప్పాయి. భోజనాల వేళ నంబర్లు చూద్దామని వెళ్తే, కంపెనీ యజమాని ఓ కుర్చీ కింద వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు తిరిగి పడిపోయాడనుకున్నాను. పరుగెత్తి వెళ్ళి చూద్దును కదా, రెండు అని ఉన్న చోటల్లా తుడిచి ఒకటి వేస్తున్నాడు. రెండు ఆ రేకుల షెడ్డునాటి మేస్త్రి నంబరు. ఒకటి ఆయనది, ఇప్పటికీ రోజూ ఓ పాతిక కుర్చీలు బిగిస్తుంటాడు.



“వాడి చేతిలో పట్టు తగ్గిందిరా,” అన్నాడు లేవకుండానే. “ఆ సంగతి వాడికింకా తెలీదు. వాడివి మాత్రమే చూస్తే పసిగడతాడని అన్నిట్లోనూ కూర్చుని, వదులైనవి బిగించేస్తున్నా. నీ మిషనొచ్చి నా పని చెడగొట్టింది.”

“మరి ఆసుపత్రి కుర్చీల సంగతో?”

“అదా... అలవాటైపోయింది.”

“ఇవన్నీ నీ నంబరు మీద వేసుకుంటే, మానిపించాల్సింది నిన్నే కదా బాబాయ్?”

“మానిపించు,” అన్నాడు, ఇంకో కుర్చీ కిందికి జరుగుతూ.

సాయంత్రం పందొమ్మిదీ బాబాయి పేరనే గోడకెక్కాయి. అది చూసిన మేస్త్రి పాలిపోయిన మొహంతో నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

“బాబూ, మీ బాబాయిగారిని ఏమీ అనకండి. వయసు మీద పడింది కదా, పట్టు తప్పుతుంది. ఆయన చేసినవి ఇకనుంచి నేనే మళ్ళీ బిగించి పంపిస్తాను. ఆయనకి మాత్రం చెప్పకండి, నొచ్చుకుంటారు.”

చెప్పనని మాటిచ్చాను. ఆ వారం మా కంపెనీలో ఉద్యోగం ఊడింది ఆ మిషనుకొక్కదానికే.